రాత్రి ఒంటిగంటకి ఇంట్లోకొచ్చి తీసుకెళ్తే చెల్లుతుందా?

రాత్రి మా పక్కింటి కుర్రాణ్ని చీటింగ్ కేసని పోలీసులు మఫ్టీలో వచ్చి పట్టుకెళ్లారు, వారెంట్ లేదు. పొద్దున్నే రిటైర్డ్ సీఐ బాబాయికీ, లాయర్‌గా చేస్తున్న మా అక్కకీ దీని మీద వాదన మొదలైంది.

బాబాయ్: కాగ్నిజబుల్ కేసుకి, అంటే పోలీసులు నేరుగా అరెస్టు చెయ్యగలిగే నేరానికి, వారెంటెందుకమ్మా, సీఆర్పీసీ బదులొచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 35 ఉంది, పాత సీఆర్పీసీలో 41. మనిషి లోపలున్నాడని నమ్మకముంటే సెక్షన్ 44 కింద ఇంట్లోకీ వెళ్లొచ్చు, తియ్యకపోతే తలుపు పగలగొట్టొచ్చు.

అక్క: పగలగొట్టే ముందు మేం ఫలానా, ఫలానా పని మీదొచ్చాం, తియ్యండి అని చెప్పాలని కూడా ఆ 44లోనే ఉంది బాబాయ్, అది మాత్రం ఎవరూ చదవరు. రాత్రి వీళ్లన్నది "తియ్యరా" అని ఒక్క ముక్క.

బాబాయ్: పేరూ ఊరూ చెప్తూ కూచుంటే వాడు వెనక గోడ దూకుతాడు.

అక్క: దూకేవాడైతే సరే. చీటింగ్‌కి గరిష్ఠంగా ఏడేళ్లు, అలాంటి వాటికి ముందు నోటీసివ్వమని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా.

బాబాయ్: అరెస్టే చెయ్యొద్దనలేదుగా, అవసరమైతే కారణాలు రాసి చెయ్యమంది. రాస్తారులే.

అక్క: ఎప్పుడు, స్టేషన్‌కెళ్లాక తాపీగానా? పైగా మనిషి కోసమని వచ్చి బీరువా తీశారు, చీరలన్నీ మంచమ్మీద పోసి లాప్‌టాప్ పట్టుకుపోయారు. అలా వెతకాలంటే బీఎన్ఎస్ఎస్ 185 ప్రకారం ఏం వెతుకుతున్నారో, ఎందుకో ముందే రాయాలి, ఇప్పుడు 105 కింద వీడియో కూడా తియ్యాలి.

బాబాయ్: తియ్యలేదే అనుకో. సోదా తప్పైనంత మాత్రాన దొరికిన సాక్ష్యం పోదని 1973లోనే పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అక్క: నా ఏడుపంతా అదే! అమెరికాలో 1980 పేటన్ కేసు నుంచి, అర్జెన్సీ లేకపోతే ఇంట్లో అరెస్టుకి వారెంట్ ఉండాల్సిందే, తప్పుగా దూరితే అక్కడ దొరికింది మామూలుగా కోర్టులో పనికిరాదు. ఇక్కడ మీవాళ్లకి పోయేదేముంది?

బాబాయ్: అక్కడ జడ్జి అర్ధరాత్రి ఫోన్లో కూడా వారెంటిస్తాడు. ఇక్కడ కోర్టు తెరిచేదాకా ఆగాలి.

అక్క: ఆగితే ఏం పోయింది? కంప్లైంటిచ్చి ఆర్నెల్లయింది, సాక్ష్యమంతా బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఉంది.

బాబాయ్: నెలాఖరమ్మా... పెండింగ్ కేసులు చూపించాలి పైవాళ్లకి.

అక్క: ఆ మాట కోర్టుకిచ్చే రిమాండ్ రిపోర్టులో రాయమనండి. నేను కోర్టుకెళ్తున్నా, అరెస్ట్ మెమో మీద సాక్షిగా ఆ కుర్రాడి అమ్మ సంతకమైనా పెట్టించారో లేదో చూడాలి.