బరంపురం నుంచి హైదరాబాద్‌కు గంటన్నర కాదు, తొమ్మిది గంటలు

"హైదరాబాదా? విమానంలో గంటన్నరే కదా!" అనే మాట ఒడిశాలోని బరంపురంలో ఇంటింటా వినబడుతుంది. ఆ గంటన్నర భువనేశ్వర్‌లో విమానం తలుపు మూసినప్పటి నుంచి శంషాబాద్‌లో ఆగేవరకే. ఇంటి నుంచి స్టేషన్‌కు అరగంట, భువనేశ్వర్‌కు రైల్లో సుమారు 2 గంటల 45 నిమిషాలు, ఆటోలో 20 నిమిషాలు, ఎయిర్‌పోర్టులో 2 గంటలు, విమానంలో ఆ గంటన్నర నిజానికి గంటా 40 నిమిషాలు, సామాను చేతికొచ్చేసరికి అరగంట, అక్కడి నుంచి కూకట్‌పల్లికి గంటంపావు. కూడితే తొమ్మిది గంటలు.

ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. "హైదరాబాద్ అటుంటే ఇటు భువనేశ్వర్ పోవడమేంటి? వైజాగ్ పోతే కొంత దారి కలిసొస్తుంది" అంటారు. రైల్లో పోయేవాళ్ళకు అది సరైన మాటే. విమానానికి మాత్రం పూర్తిగా తప్పు.

బరంపురం నుంచి రైలుదారిన భువనేశ్వర్ 166 కి.మీ., విశాఖ 277 కి.మీ. ఆకాశంలో చూస్తే భువనేశ్వర్-హైదరాబాద్ సుమారు 850 కి.మీ., విశాఖ-హైదరాబాద్ 510 కి.మీ. అంటే వైజాగ్ వైపు గాల్లో 340 కి.మీ. తగ్గుతుంది, నేల మీద 111 కి.మీ. పెరుగుతుంది. గాల్లో తగ్గేది పాతిక నిమిషాలే. రన్‌వేకి వెళ్ళడం, పైకి లేవడం, దిగడం ఏ ఊరి నుంచైనా ఒకేలా ఉంటాయి, పైకెళ్ళాక గంటకు 800 కి.మీ. వేగం మరి. రైల్లో ఆ 111 కి.మీ.కి గంటన్నర పోతుంది. పైగా భువనేశ్వర్‌లో స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టు 4 కి.మీ. దూరమే. విశాఖలో అంతకు రెట్టింపు పైమాటే, దారిలో ఎన్ఏడీ జంక్షన్ రద్దీ. వైజాగ్ నుంచి ఏటీఆర్ (నిదానంగా పోయే చిన్న పంకాల విమానం) దొరికితే మిగిలిందనుకున్న ఆ పాతిక నిమిషాల్లోనూ సగం పోతుంది.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ వాళ్ళకు ఇది వర్తించదు. వాళ్ళకు విశాఖే దగ్గర, వేరే ఆలోచన అక్కర్లేదు. ఇచ్ఛాపురం వాళ్ళు రెండువైపుల ధరలూ చూసి తేల్చుకోవాలి. విజయనగరం దగ్గర భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు నడిచినప్పుడు బరంపురం లెక్క కూడా మళ్ళీ వేయాలి. అప్పుడు విజయనగరంలోనే దిగిపోవచ్చు.

తప్పు జరిగేది ఎక్కువగా రైలు దగ్గరే. కౌంటర్ గంట ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. రైలు ఆలస్యమైందంటే విమానం వాళ్ళు వినరు, ఎందుకంటే అవి రెండూ వేర్వేరు టికెట్లు. విమానానికి మూడున్నర గంటల ముందు భువనేశ్వర్‌లో దించే రైలే ఎక్కండి. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు ఉంటుంది కాబట్టి తెల్లవారుజాము విమానం వద్దు. ఆ నెలల్లో పైన పడమటి గాలి ఎదురొస్తుంది. పోయేటప్పుడు పది నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు, వచ్చేటప్పుడు తగ్గుతుంది. అక్టోబరులో అయితే తుపాను హెచ్చరిక చూసుకోకుండా టికెట్ తీయొద్దు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని తాకాయి.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే, తొందర లేకపోతే, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ స్లీపరే నయం. సుమారు 16 గంటలు, కానీ అందులో ఒక రాత్రి నిద్ర. రైలు దిగి ఆటో, ఆటో దిగి క్యూ అనే బాధ లేదు.

సామాను సంగతి. బరంపురం అప్పడాలు చేతి బ్యాగులో పోతాయి. పచ్చళ్ళు చెక్-ఇన్ బ్యాగులోనే వేయాలి, మూత మీద టేపు చుట్టి, రెండు కవర్లు తొడిగి. ఎండు కొబ్బరి మాత్రం చెక్-ఇన్‌లో పెట్టొద్దు, స్కానింగ్‌లో ఆపేస్తారు.