ప్లస్ గారికీ మైనస్ గారికీ ఓ బావమరిది రాసుకున్నది

మహారాజశ్రీ డీవీడీ మైనస్ ఆర్ గారికి, డీవీడీ ప్లస్ ఆర్ గారికి,

శ్రీకాకుళం నుంచి నమస్కరించి రాయునది. ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు కోపగించుకోకండి. మీరిద్దరూ వీడియోలూ ఫైళ్లూ ఒకసారి రాసుకునే ఖాళీ డిస్కులే, విడివిడిగా రాద్దామంటే మీలో ఎవరు ఎవరో చూడగానే పోల్చుకోవడం నా వల్ల కాలేదు. ఇద్దరిదీ పన్నెండు సెంటీమీటర్ల ఒళ్లు, మధ్యలో ఒకటే బొక్క, కిందంతా వంకాయరంగు మెరుపు. అట్ట మీద ఇద్దరూ 4.7 జీబీయే. ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో పెడితే 4.38 అవుతుంది, మా సంతలో కాటా కూడా అంతే కాబట్టి దానికి మిమ్మల్ని ఏమీ అనను.

మైనస్ గారు 1997లో పయొనీర్ ఇంట పుట్టారు. ఐదేళ్లు తిరిగేసరికి ఇంకో కూటమి ప్లస్ గారిని దింపింది. సోనీ, ఫిలిప్స్ అయితే రెండు పందిళ్లలోనూ విస్తరి వేసుకున్నాయి. పైగా మైనస్ గారి వైపు వాళ్లది ఒకటే గొడవ: అది మైనస్ కాదట, వట్టి అడ్డగీతట. పక్కన ప్లస్ వచ్చి కూర్చున్నాక అడ్డగీతను మైనస్ అనక ఏమంటాం స్వామీ?

ఇంతకీ తగవు దేని గురించి అని ఆరా తీశాను. డిస్కులో లేజర్ నడవడానికి ముందే నాగలి చాలు లాంటి గాడి తీసి ఉంటుందట. ఎక్కడున్నానో లేజర్‌కి తెలియాలి కదా, అందుకని మైనస్ గారు చాళ్ల మధ్య గట్టు మీద చిన్న చిన్న గుంటలు పెట్టి చిరునామా చెబుతారు. ప్లస్ గారు గట్టు జోలికి పోకుండా, చాలునే సన్నగా వంకర్లు తిప్పి అందులో చిరునామా దాస్తారు. అంటే ఇది గట్టు తగాదా! మా జిల్లాలో గట్టు తగాదాలు తాతల నాటి నుంచీ చూస్తున్నాం గానీ, వాటికి కనీసం కంటికి కనబడే గట్టు ఉంటుంది.

ఇక నా సంగతి. 2004 వేసవిలో మా అప్ప పెళ్లయింది. ఇంట్లో కంప్యూటర్‌కి కొత్తగా రైటర్ పెట్టించాను, మీ ఇద్దరినీ రాసే రకం. వీడియో మూడు గంటలు. రెండు గంటలు దాటితే బొమ్మ మసకేస్తుందని భోజనాలు కోసేసి, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు ఒకే డిస్కులో సర్దాను. (వడ్డనలో తను కనబడలేదని మా చిన్నాన్న ఆర్నెల్లు మాట్లాడలేదు.) ఖాళీ డిస్కులకి అమ్మతో కలిసి జీటీ రోడ్డుకి వెళ్లాను. కొట్టువాడు రెండు రకాలూ బల్ల మీద పెట్టాడు. మైనస్ అయితే పాత ప్లేయర్లలో ఎక్కువగా ఆడుతుందని నేను చెప్పబోయేలోపే అమ్మ దాన్ని పక్కకి తోసేసింది. "పెళ్లి సీడీకి మైనస్సేటిరా, అశుభం!"

ఏళ్ల తరబడి మీ కమిటీలు తేల్చలేని విషయం మా అమ్మ అర నిమిషంలో తేల్చేసింది.

కాంప్లెక్స్‌లో పలాస బస్సెక్కి డిస్కు పట్టుకెళ్లాను. అప్ప అత్తవారింట్లో అందరూ స్నానాలు చేసి, పళ్లెంలో వేయించిన జీడిపప్పు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. బావ రిమోట్ కవరు తీయకుండానే నొక్కాడు. డిస్కు గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తెర మీద "నో డిస్క్" అని పడింది. బయటికి తీసి లుంగీ కొసతో తుడిచి మళ్లీ పెట్టాడు. నో డిస్క్. ఆ ప్లేయర్‌కి మైనస్ గారొక్కరే చుట్టం. అప్ప అత్తగారు మెత్తగా అన్నారు, "మీ ఇంటి నుంచి వచ్చింది ఖాళీదేటి బాబూ?" ఆ మాటలో సీడీ ఒక్కటే లేదని అప్పకీ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత తెలిసింది, ప్లస్ గారికి మారువేషం వచ్చట. రాసేముందు బుక్ టైప్ అనే చోట "నేను కంపెనీ అచ్చేసిన మామూలు డీవీడీ రోమ్‌ని" అని రాయించుకుంటే, మొరాయించే ప్లేయర్లు కూడా చాలావరకు నమ్మేస్తాయి. ఆ ముక్క అట్ట మీద వేస్తే మీ సొమ్మేం పోయింది? చివరికి వారం తిరక్కుండా మైనస్ కాపీ ఒకటి రాసి, మళ్లీ అదే బస్సెక్కాను. తెర మీద తలంబ్రాలు పడ్డాక గానీ ఆవిడ నాకు టీ ఇవ్వలేదు.

ఆ తర్వాత మీలో ఎవరూ గెలవలేదు. డ్రైవుల వాళ్లు ఇద్దరినీ ఒకే గూట్లో పెట్టి "మల్టీ" అని పేరు రాసేశారు. అదే మీ తర్వాతి తరం డిస్కుల్లో బ్లూరేతో తలపడ్డ హెచ్‌డీ డీవీడీ అయితే 2008 ఫిబ్రవరిలో తోషిబా చెయ్యెత్తేయడంతో మర్యాదగా తప్పుకుంది.

ఇప్పుడు మా మేనల్లుడి లాప్‌టాప్‌కి మిమ్మల్ని పెట్టే నోరే లేదు. పలాసలో ప్లేయర్ ఎప్పుడో పోయింది. మొన్న వెళ్తే పెరట్లో చిక్కుడు పందిరికి, చిలకలు రాకుండా, మీ ఇద్దరినీ ఒకే దారానికి కట్టి వేలాడదీసింది అప్ప. గాలికి తిరుగుతూ ఒకరికొకరు తగులుకుంటున్నారు.

ఇట్లు,
రెండుసార్లు పలాస టిక్కెట్టు తీసుకున్నవాడు

తా.క.: ఈ ఉత్తరం మీ ఇంకో చుట్టం, డీవీడీ ర్యామ్ డిస్కు గారికి చూపించకండి. లక్షసార్లు చెరిపి రాసుకునే వీలున్న ఆయన, ఇన్నేళ్లుగా మా ఊళ్లో ఒక్కరు కూడా ఒక్కసారి రాసుకోలేదే అని బాధపడతారు.