లంబకోణం కనబడుట లేదు

దినపత్రికల లోపలి పేజీలో, తప్పిపోయినవారి ఫోటోల పక్కన అచ్చయ్యే ప్రకటన వంటిదాన్ని ఒకటి తిరుపతి పౌరులందరి తరఫున వేయించదలచుకున్నాను. పేరు: లంబకోణం. కొలత: సరిగ్గా 90 డిగ్రీలు, పిసరంత ఎక్కువా కాదు, తక్కువా కాదు. చివరిసారి కనిపించిన చోటు: మా ఇంటి పునాదికి ముగ్గు పోసిన రోజు ఉదయం, ఈశాన్యపు మూల. ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం ఇవ్వబడును. ఆ పారితోషికం నా దగ్గర మిగిలిన బాల్సా అనే తేలిక చెక్క ముక్కల రూపంలో ఉంటుందని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఇంత తీవ్రమైన విషయం నా దృష్టికి రావడానికి కారణం ఒక బొమ్మ. 1931 అక్టోబరు 26న ఇంగ్లండులో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్ అనే, పైనొకటి కిందొకటిగా రెండు రెక్కలున్న శిక్షణ విమానాన్ని నాలుగో వంతుకు తగ్గించి, రేడియోతో నడిచేటట్టు, మా హాల్లో కట్టడానికి పూనుకున్నాను. అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 29 అడుగుల 4 అంగుళాలు కాబట్టి, నాది 7 అడుగుల 4 అంగుళాలు అయింది. బరువు దగ్గర మాత్రం నాలుగుతో భాగించి చేతులు దులుపుకుంటే కుదరదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక 64తో భాగించాలి. ఖాళీగా సుమారు 506 కిలోలు తూగే విమానం ఆ లెక్కన 8 కిలోలకు కాస్త దిగువన ఆగుతుంది. ఈ లెక్క మా ఇంటావిడకు వివరించినప్పుడు ఆవిడ శ్రద్ధగా విని, ఖర్చును కూడా 64తోనే భాగించారా అని అడిగింది. ఆ ప్రశ్న ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

మా ఎదురింటి విశ్రాంత ప్రధానోపాధ్యాయులు గారు ఒక సాయంత్రం వచ్చి, జే.ఆర్.డి. టాటా 1932లో కరాచీ నుంచి బొంబాయికి టపా మోసుకొచ్చింది దీనిమీదేనా అని అడిగారు. అది పుస్ మాత్ అనీ, దానికి ఒక్కటే రెక్క అనీ విన్నవించుకున్నాను. “ఒక్కదానితో ఆయన బొంబాయి చేరినప్పుడు, మీకు రెండోది దండగ గదా?” అన్నారు. అప్పుడు నేను ఆయనకు ఆక్టేవ్ షనూట్ కథ చెప్పవలసి వచ్చింది. రైలు వంతెనలు కట్టి తలపండిన ఆ ఇంజనీరు 1896లో గ్లైడరుకు కూడా వంతెన లెక్కనే వాడాడు: పైనొక రెక్క, కిందొక రెక్క, నడుమ నిలువు గుంజలు, మూల నుంచి మూలకు బిగించిన తీగలు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరిన యంత్రం కూడా ఆ పోలికలోనే పుట్టింది. కాబట్టి రెండు రెక్కల విమానం అంటే ఎగిరే వంతెన. మామూలు వంతెన వంకరగా కట్టినా ప్రారంభోత్సవం దాకా, అదృష్టం బాగుంటే బిల్లులు పాసయ్యే దాకా నిలబడుతుంది. ఎగిరే వంతెనకు అంత ఓర్పు లేదు.

దాని అసహనానికి ఒక కొలత ఇస్తాను. నా విమానంలో రెక్క వెడల్పు 13 అంగుళాలు. కుడి రెక్క ముందంచు ఎడమ రెక్క కంటే ఒక్క డిగ్రీ పైకెత్తి ఉంటే, ఆ అంచు దగ్గర తేడా సుమారు 6 మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్లంటే ఈ ఊళ్ళో ఎవరూ తేడాగా లెక్కపెట్టరు. పూత పూసేటప్పుడు సర్దుకుపోతుంది. గాలి మాత్రం సర్దుకోదు. విమానం నేల విడిచిన మరుక్షణమే ఒక పక్కకు ఒరగడం మొదలుపెడుతుంది. కుడి ఎడమలు విడదీస్తే రెక్కలు నాలుగు, గుంజలు అన్ని వైపులా, ప్రతి చోటా ఒక తప్పు దూరడానికి సందు ఉంటుంది. కంటిచూపు మీద ఆధారపడి ఇవన్నీ కలపడం సాధ్యం కాదు గనుక జిగ్గు అవసరం.

జిగ్గు అనే మాటలో జిగ ఉందని భాషాభిమానులు భ్రమపడవచ్చు గాని, ఆ వస్తువులో మెరుపేమీ లేదు. రెండు ముక్కలు జిగురు ఆరేదాకా కదలకుండా, ఉండవలసిన కోణంలో పట్టుకొని ఉండే మూడో ముక్క పేరు జిగ్గు. పని అయిపోగానే దానిని మూలన పారేస్తారు, దాని పేరు ఎవరూ తలచుకోరు. పెళ్ళిళ్ళలో మేనమామ పాత్ర ఇదే.

నా పెద్ద జిగ్గు పూజగది తలుపు. కొత్త ఫ్లష్ డోరు, ఇంకా బిగించలేదు, మా ఇంట్లో వంటగది గ్రానైటు బండ తరువాత అంత చదునైన వస్తువు లేదు. బండ మీద నా విజ్ఞప్తి తిరస్కరణకు గురైంది కాబట్టి తలుపునే రెండు బల్లల మీద పరిచి, దానిపై ప్లాను అతికించి, విమానం కట్టడం ప్రారంభించాను. అప్పటి నుంచి పూజగదికి తెర వేలాడుతోంది. రెక్క లోపలి పక్కటెముకలు నలభైకి పైగా ఉంటాయి. ఒక్కొక్కటీ విడిగా కోస్తే నలభై రకాలు తయారవుతాయి. అందుకని అల్యూమినియం రేకుతో రెండు అచ్చులు కోసి, వాటి నడుమ బాల్సా పలకలను బొబ్బట్ల దొంతరలాగా పేర్చి, రెండు బోల్టులు బిగించి, మొత్తాన్ని ఒకేసారి ఉప్పుకాగితంతో రుద్దాను. వాటిని తలుపు మీద నిటారుగా నిలబెట్టడానికి మూలమట్టాలు కావాలి. బజారులో కొన్న మూలమట్టాన్ని పరీక్షించాను. పరీక్ష సులభమైనదే: ఒక అంచుకు ఆనించి గీత గీయాలి, మట్టాన్ని తిరగేసి అదే చోట మళ్ళీ గీయాలి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితే మట్టం నిజం చెబుతున్నట్టు. నాది చెప్పలేదు. రెండు గీతలూ కింద కలిసి, పైకి పోయేకొద్దీ అన్నదమ్ముల వాటాల్లాగా విడిపోయాయి. చివరికి తలుపు చట్రంలో మిగిలిన ముక్కలతో నేనే ఎనిమిది మట్టాలు చేసుకొని, ఎనిమిదింటి చేతా ప్రమాణం చేయించాను.

విచిత్రం ఏమిటంటే ఈ విమానంలో రెక్కలు మొండేనికి లంబంగా ఉండవు. ముందు సీట్లోని శిక్షకుడు పారాచూటుతో సహా బయటపడడానికి వీలుగా పై రెక్కను ముందుకు జరిపి, కొసలను వెనక్కి వాల్చారు. అంటే ఇంత కష్టపడి లంబకోణాన్ని పట్టి తెచ్చింది దానినుంచి ఎంత తొలగాలో కొలవడానికే. పై రెక్కను మోసే నాలుగు ఉక్కు గుంజలకు ప్లైవుడ్డుతో ఒక ఊయల వంటి జిగ్గు చేసి, వాటి తలలు దానిలో ఇరికించి అతికించాను. బట్ట తొడగడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇస్త్రీపెట్టె కనబడుట లేదని ఇంట్లో ఇంకొక ప్రకటన వెలువడింది, అంతే.

అసలు కథ అంతా అయ్యాక, రెక్కలు కూర్చి సరిచూసిన నాడు బయటపడింది. తోక మధ్యలో ఒక గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, కుడి రెక్క కొస దాకా లాగి, అందిన చోట బొటనవేలి గోటితో నొక్కి పట్టుకొని, ఆ గోటిని అలాగే ఎడమ కొసకు తీసుకుపోయాను. గోరు కొసను దాటి ఒక వెంట్రుక వాసి ముందుకు పడింది. మళ్ళీ లాగాను, మళ్ళీ అంతే. కింద రెక్క మేకు కూర్చునే రంధ్రంలో ఎండిన జిగురు చుక్క ఒకటి ఉంది. దాన్ని గీకేశాక గోరూ కొసా కలిశాయి. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఎక్కువసేపు నిలవలేదు. దారం తరువాత మట్టం చూడాలి. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ తెచ్చి, నీళ్ళలో చిటికెడు కుంకుమ కలిపి, ఒక కొస ఈ రెక్క దగ్గర, ఇంకో కొస ఆ రెక్క దగ్గర పట్టాము. రెక్కలు ఒక వైపు వాలాయని ఎర్రనీళ్ళు చెప్పాయి. తలుపు వాలింది, తలుపు కింద బల్లలు వాలాయి, బల్లల కింద నేల వాలింది. హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు 18 మిల్లీమీటర్లు దిగింది. నేను నమ్మలేక గోలీ ఒకటి నేల మీద వదిలాను. అది ఒక్క క్షణం ఆలోచించి, సంప్రదాయం తెలిసిన గోలీ కాబట్టి, నేరుగా ఈశాన్యానికి దొర్లిపోయింది.

మేస్త్రిని పిలిపించాను. ఆయన నింపాదిగా వచ్చి, గోలీని రెండుసార్లు దొర్లించి చూసి, “నీళ్ళు పోవల్ల గదా సామీ” అన్నాడు. హాల్లో నీళ్ళు ఎందుకు పోవాలని అడిగాను. కడిగినప్పుడు పోవాలి గదా అన్నాడు. మరి స్నానాలగదిలో కడిగిన నీళ్ళు తూము వైపు కాక గుమ్మం వైపు ఎందుకు వస్తున్నాయని అడిగితే, అది వేరే విషయమన్నాడు. ఆ ఊపులో గది మూలలు కూడా నా చెక్క మట్టంతో కొలిచి చూపించాను. ఆరు గదుల్లో ఒక్క మూలకూ 90 డిగ్రీలు లేవు. ఈశాన్యపు మూల అన్నిటికంటే విప్పారి ఉంది. మేస్త్రి ముఖం వెలిగింది. “ఈశాన్యం పెరిగితే మంచిదే గదా సామీ! పల్లంగా ఉంటే ఇంకా మంచిది. రెండూ కుదిరిపోయినాయి. వాస్తు సిద్ధాంతి వచ్చింటే మీకు రెండువేలు అయింటాది.” తప్పును శాస్త్రంగా మార్చే ఈ విద్య ఏ పాలిటెక్నిక్‌లోనూ నేర్పరు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. ఈశాన్యం పెంచడం అంత శుభప్రదమైతే విమానానికి కూడా పెంచవలసిందే గదా. కాని విమానం మలుపు తిరిగినప్పుడల్లా దాని ఈశాన్యం ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు మారుతుంది. దీని మీద సిద్ధాంతుల అభిప్రాయం ఇంకా అందలేదు.

ఇది మన పూర్వీకులకు తెలియని విద్య అయితే నేనింత బాధపడను. యజ్ఞవేదికలను తాళ్ళతో కొలిచి కట్టే పద్ధతి చెప్పినవి శుల్బసూత్రాలు. శుల్బం అంటే తాడే. సంస్కృతానికి ఒక విశ్వవిద్యాలయం, వేదానికి ఒక విశ్వవిద్యాలయం ఉన్న ఈ ఊళ్ళో, మూడు, నాలుగు, అయిదు మూరల తాడుతో లంబకోణం వస్తుందన్న సంగతి మా మేస్త్రికి కూడా తెలుసు. ముగ్గు పోసిన ఉదయం ఆయన ఆ తాడు లాగడం నేను కళ్ళారా చూశాను. కొబ్బరికాయ కొట్టాక తాడు చుట్టి సంచిలో పెట్టేశాడు. ఆ తరువాత గోడలు లేచినంత కాలం అది సంచిలోనే విశ్రాంతి తీసుకుంది.

ఎగరవేయడానికి తిరుపతి పనికిరాదు. ఏడుకొండల మీద ఏదీ ఎగరకూడదన్న సంగతి ఇక్కడ చంటిబిడ్డకైనా తెలుసు. ఇంకో వైపు రేణిగుంట విమానాశ్రయం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోలు దాటని నమూనా విమానాన్ని కంటికి కనబడే దూరంలోనే నడపాలి కాబట్టి, కంటికి అడ్డం లేని బీడు నేల కోసం చిత్తూరు దాటి గుడిపాల వైపు పోవాలని నిర్ణయించుకున్నాము. అలా 2022 ఏప్రిల్ 4న విడిపోయిన రెండు జిల్లాలలో నా విమానం ఒకదానిలో పుట్టి ఇంకొకదానిలో ఎగరవలసి వచ్చింది. దుప్పట్లలో చుట్టిన నాలుగు పొడుగాటి మూటలను జీపు మీద కట్టుకొని శేషాచలం కిందుగా పోతే ఏమవుతుందో ఊహించి ఉండవలసింది. దారిలో ఆపిన పోలీసాయన చెక్క వాసన చూసి, మూటను ఒంటిచేత్తో ఎత్తాడు. ఎర్రచందనం నీళ్ళలో వేస్తే మునిగిపోతుందనీ, ఇది నీటి బరువులో ఆరో వంతు కూడా తూగని బాల్సా అనీ, స్పానిష్ భాషలో బాల్సా అంటే తెప్ప అనీ నేను వివరిస్తూనే ఉన్నాను. బరువు లేకపోవడమే ఆయన అనుమానాన్ని పెంచింది. “సరుకు ముందే దించేసినారా?” అని అడిగాడు.

మేస్త్రి కూడా మాతో వచ్చాడు. తన నేల మీద పుట్టిన బిడ్డ కదా. ఇంజన్ అంటుకొని, బీడు మీద ముప్పై గజాలు పరుగెత్తి, తోక లేపి, విమానం తనంతట తానే లేచింది. నిలకడగా ఎత్తు పట్టాక ట్రాన్స్‌మిటరు మీది నా బొటనవేళ్ళు రెండూ తీసి పైకి చూపించాను. అది ఏ పక్కకూ ఒరగలేదు, ముక్కు దించలేదు, గీత గీసినట్టు పోయింది. మా విశ్రాంత ప్రధానోపాధ్యాయులు గారు చప్పట్లు కొట్టి, రెండో రెక్క గురించిన తమ అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించారు. ఎనిమిది నిముషాల తరువాత దించాను. నేల తాకిన తీరు కూడా చక్కగానే ఉంది గాని, పక్క చేని గెనిమ అక్కడ ఉన్న సంగతి నాకు తెలియలేదు. చక్రం తగిలి, విమానం ముక్కు మీద నిలబడి, కింది ఎడమ రెక్క విరిగింది. చేని కావలికి ఉన్న పెద్దాయన వచ్చి, విరిగిన చోట వేలితో తడిమి, “పుత్తూరుకు తీసకపోండి నాయనా, మూడు కట్లు కడితే అతుక్కుంటాది” అన్నాడు. ఆయన చెప్పింది వైద్యపరంగా సరైనదే. రెక్క లోపల పొడుగునా పోయే దుంగలను విరిగిన చోట ఏటవాలుగా కోసి, కలిపి, రెండు పక్కలా బద్దలు పెట్టి కట్టడమే నేనూ చేయబోయే పని.

మేస్త్రి మాత్రం ఆకాశం వైపే చూస్తున్నాడు. “అంత నేరుగా ఎట్ట పోయింది సామీ?”

మట్టం చూసి, మూలలు చూసి, ప్రతి ముక్కనూ జిగ్గులో పెట్టి కట్టాను గనుక పోయిందని చెప్పాను. ఇల్లు కూడా అలాగే కట్టి ఉండవచ్చునని, మర్యాదగానే, అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. “ఇది ఎగిరిపొయ్యేది సామీ, దీనికి కావల్ల. ఇల్లు యాడికి పోతాది? ఆడే ఉంటాది గదా.”

ఆ రాత్రి విరిగిన రెక్కను మళ్ళీ తలుపు మీదికి ఎక్కించి, బల్లల కాళ్ళ కింద ఉత్తరం వైపు రెండు, తూర్పు వైపు ఒకటి చొప్పున ప్లైవుడ్డు ముక్కలు దోపి, కుంకుమ నీళ్ళు సమానంగా నిలిచేదాకా సర్దాను. పూజగది తెరను మా ఇంటావిడ ఉతికి, ఇస్త్రీ లేకుండానే, మళ్ళీ వేలాడదీసింది.