గెలిచినవాడి లూర్ లింక్ అడగడం మానేద్దాం

బాస్ అనే చేపని పట్టే పెద్ద టోర్నమెంట్ ఏది ముగిసినా మర్నాడు పొద్దున్నే మనవాళ్ళ నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, గెలిచినాయన ఏ లూర్ (నకిలీ ఎర) వేశాడు? లింక్ ఉంటే పెట్టండి." లింక్ దొరుకుతుంది, పార్సిల్ వస్తుంది. శనివారం డాలస్ దగ్గరి లూయిస్‌విల్ లేక్ గట్టు మీద నిలబడి మధ్యాహ్నం దాకా విసిరినా ఒక్క చేప ముట్టుకోదు. తప్పు రాడ్‌దేమోనని ఇంకో రాడ్ కొంటారు. డబ్బు పోతే పోయింది, కొత్తగా గాలం పట్టినవాళ్ళు ఈ దెబ్బకే విసిగి మానేస్తున్నారు. నాకు బాధ అక్కడ.

2025 మార్చి 21 నుంచి 23 వరకు బాస్ వేటలో పెద్ద పోటీ అయిన బాస్‌మాస్టర్ క్లాసిక్ డాలస్ వాళ్ళ ముంగిట్లోనే జరిగింది. డెంటన్ పైనున్న రే రాబర్ట్స్ లేక్‌లో వేట, ఫోర్ట్‌వర్త్ డికీస్ అరీనాలో తూకం. ఈస్టన్ ఫాదర్‌గిల్ అనే 22 ఏళ్ళ కుర్రాడు మూడు రోజుల్లో 76 పౌండ్ల 15 ఔన్సులు తూచి 3 లక్షల డాలర్లు గెలిచాడు. క్లాసిక్ చరిత్రలో అంత బరువు ఎవరూ తేలేదు. అంతకుముందు రికార్డు రిక్ క్లన్‌ది, 1984లో 75 పౌండ్ల 9 ఔన్సులు. అప్పట్లో రోజుకి ఏడు చేపలు లెక్కకొచ్చేవి, ఇప్పుడు ఐదే. అంటే క్లన్‌కి 21 చేపల దాకా అవకాశం ఉంది, ఈ కుర్రాడు 15 చేపలతోనే దాన్ని దాటాడు. చేపకి సగటున ఐదు పౌండ్ల పైమాటే.

ప్రో (చేపల పోటీలే వృత్తిగా ఉన్నవాడు) పడవలో ఉన్న సామాను అర్థం కావాలంటే ముందు ఈ ఐదు చేపల లెక్క అర్థం కావాలి. పది గంటలకల్లా రెండేసి పౌండ్లవి ఐదు పడ్డాయనుకోండి, పది పౌండ్లు. ఆ తర్వాత అలాంటివి యాభై పట్టినా తూకంలో ఔన్సు పెరగదు. అదే ఒక్క ఆరు పౌండ్ల చేప పడితే, చిన్నదాన్ని వదిలేసి దీన్ని పెట్టుకుంటే, పది కాస్తా పద్నాలుగవుతుంది. అందుకే మిగతా రోజంతా అతను పెద్ద జిగ్గో (బరువు తల ఉన్న హుక్), ఎనిమిది అంగుళాల స్విమ్‌బెయిటో (చేపలా ఈదే ఎర) వేస్తూ రెండే రెండు కాట్ల కోసం ఎదురుచూస్తాడు. అతనికి అది సరైన నిర్ణయం. వారానికి మూడు గంటలు, అదీ గట్టు మీద నుంచి వేసేవాడికి కావలసింది కాట్లు. రెండున్నర అంగుళాల ప్లాస్టిక్ ముక్క అతనికి ఆ స్విమ్‌బెయిట్ కంటే పదింతలు మేలు.

డెక్ మీద పదిహేను ఇరవై రాడ్లు పరిచి ఉండటం కూడా అంతే. ఉన్నది ఎనిమిది గంటలు, లూర్ మార్చిన ప్రతిసారీ ముడి వేసుకుంటూ కూర్చుంటే నిమిషాలు పోతాయి. ఆ రాడ్లన్నీ ముందే కట్టి పెట్టుకున్న ముడులు. మనకి ఒక నిమిషం పోతే కొంప మునగదు.

లింకుల వెర్రి కొత్తదేమీ కాదు. 2011 అక్టోబరులో గంటర్స్‌విల్ లేక్ మీద పాల్ ఇలియాస్ అలబామా రిగ్‌తో గెలిచాడు. ఒకే తీగల గుత్తికి ఐదు స్విమ్‌బెయిట్లు, చిన్న చేపల గుంపు ఈదుతున్నట్టు ఉంటుంది. జనం ఎగబడి కొన్నారు. కానీ నాలుగు ఔన్సుల దాకా తూగే ఆ గుత్తిని మామూలు రాడ్ విసరలేదు, బలవంతంగా విసిరితే కొన దగ్గర విరుగుతుంది. ఒడ్డు దగ్గర మొద్దులో తగులుకుంటే ఐదు ఎరలూ ఒకేసారి పోతాయి. అది పనిచేసేది చల్లని నీళ్ళలో, మేత చేపలు గుంపు కట్టి నడిమధ్యలో ఉన్నప్పుడు. కొన్నవాళ్ళలో ఎంతమంది ఆ కారణం చూసి కొన్నారు?

సరే, ఏం కొనాలి? రెండు రాడ్లు చాలు.

మొదటిది ఏడడుగుల మీడియం హెవీ (కాస్త గట్టిది), ఫాస్ట్ యాక్షన్ (కొన దగ్గరే వంగే) కాస్టింగ్ రాడ్. దాని మీద 7:1 చుట్టుపక్కల గేర్ (హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే స్పూల్, అంటే దారం కండె, ఏడు చుట్లు) ఉన్న బెయిట్‌కాస్టర్ రీల్, 15 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం. టెక్సస్ రిగ్ (ముందు గుండు, హుక్ మొన ప్లాస్టిక్ పురుగులో దాచింది), జిగ్, స్పిన్నర్‌బెయిట్, చాటర్‌బెయిట్ (రేకులున్న ఎరలు) అన్నీ దీంతోనే. రెండోది ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్, 10 లేదా 15 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర లీడర్‌గా ఆరేడు అడుగుల 8 పౌండ్ల ఫ్లోరో ముక్క. నెడ్ రిగ్ (చిన్న ప్లాస్టిక్ ముక్క), డ్రాప్‌షాట్ (గుండు కింద, హుక్ పైన), వాకీ రిగ్ (పురుగుని నడుము దగ్గర గుచ్చేది) లాంటి తేలికవాటికి ఇది. రాడ్‌కి వంద, రీల్‌కి వంద డాలర్ల దగ్గర ఆగిపోండి. మిగిలిన డబ్బు దారం మీద, హుక్స్ మీద పెట్టండి. చేపకీ మీకూ మధ్య ఉన్నవి ఆ రెండే.

దారం దగ్గరే ఎక్కువమంది నష్టపోతున్నారు కాబట్టి కాస్త నిలబడి చెప్తాను. బ్రెయిడ్ సాగదు, తేలుతుంది. ఫ్లోరో మునుగుతుంది, రాపిడికి ఆగుతుంది, కానీ ముడి దగ్గర సున్నితం. ఎండు దారాన్ని గట్టిగా లాగి ముడి బిగిస్తే రాపిడి వేడికే అది దెబ్బతింటుంది. తడిపి, నెమ్మదిగా బిగించాలి. పాలోమార్ ముడి వేస్తే హుక్ కంట్లో రెండు పోగులూ పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే పై పోగు కింది పోగుని కోస్తుంది. "ఫ్లోరో ఊరికే తెగిపోతోంది" అనేవాళ్ళలో చాలామంది సమస్య ఈ ముడే.

బ్రెయిడ్‌ని నున్నటి స్పూల్ మీద నేరుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు చుట్ట మొత్తం స్పూల్ మీద జారి తిరుగుతుంది. డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే బిగువు) పాడైందనుకుని రీల్ వెనక్కి పంపేస్తారు. ముందు పదిహేను చుట్లు మామూలు నైలాన్ దారం చుట్టి, దానికి బ్రెయిడ్ కట్టండి. స్పిన్నింగ్ స్పూల్‌ని అంచు దాకా నింపొద్దు, 1/8 అంగుళం ఖాళీ ఉంచాలి. విసిరాక బెయిల్‌ని (దారం పట్టుకునే తీగ) హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి, ఒకసారి దారం లాగి బిగువు చూసుకోండి. దారంలో వాటంతట అవే పడే గాలి ముడులు సగానికి సగం పోతాయి.

బెయిట్‌కాస్టర్‌లో దారం పక్షి గూడులా చిక్కు పడుతోందంటే స్పూల్ లూర్ కంటే వేగంగా తిరుగుతోందని అర్థం. లూర్ కట్టి, రాడ్ ముందుకు చాచి, బటన్ నొక్కండి. లూర్ మెల్లగా దిగి నేలని తాకగానే స్పూల్ ఆగేలా పక్కనున్న టెన్షన్ నాబ్ బిగించండి. బ్రేక్ ముప్పాతిక మీద పెట్టి మొదలుపెట్టి, చెయ్యి కుదిరేకొద్దీ తగ్గించుకోండి. లూర్ బరువు మారితే ఈ సర్దుబాటంతా మళ్ళీ చెయ్యాలి. ఎదురుగాలికి బ్రేక్ పెంచాలి. ఎంత మంచి రీలైనా లూర్ నీటిని తాకే క్షణంలో బొటనవేలు స్పూల్ మీద ఉండాల్సిందే.

క్రాంక్‌బెయిట్‌లు (లాగితే నీటి లోతుకి దిగే గట్టి ఎరలు) ఇష్టమైతే మూడో రాడ్ కొనండి, మెత్తగా సగం దాకా వంగేది. మూడు ముళ్ళ హుక్స్ సన్నగా ఉంటాయి, పెదవి అంచున పట్టుకుంటాయి. గట్టి రాడ్, పైగా సాగని బ్రెయిడ్ అయితే చేప ఎగిరి తల విదిలించగానే ఊడొస్తాయి. 12 పౌండ్ల ఫ్లోరో వాడండి. దారం సన్నబడేకొద్దీ లూర్ లోతుకి వెళ్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఒకే క్రాంక్‌బెయిట్ ప్రో చేతిలో అడుగు తాకి, మీ చేతిలో తాకకపోవడానికి అదొక కారణం.

టెక్సస్ రిగ్‌కి 3/0 లేదా 4/0 సైజు ఈడబ్ల్యూజీ (వంపు వెడల్పుగా ఉన్న) హుక్, 1/4 ఔన్సు గుండు. నాచు దట్టంగా ఉంటే 3/8. టంగ్‌స్టన్ ఖరీదే, కానీ సీసం కంటే చాలా సాంద్రమైనది కాబట్టి అదే బరువుకి చిన్నగా ఉంటుంది, అడుగున గులకరాయా, బురదా, కట్టెపుల్లా అన్నది చేతికి తెలుపుతుంది. ప్లాస్టిక్ పురుగుని హుక్ మీద వంకరగా గుచ్చితే నీటిలో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. తిన్నగా వేలాడేదాకా తీసి మళ్ళీ గుచ్చండి. నెడ్ రిగ్‌కి 1/10 ఔన్సు పుట్టగొడుగు తల హుక్ చాలు, సన్నటి తీగ కాబట్టి గట్టిగా గుంజొద్దు, రీల్ తిప్పుతూ రాడ్ వంచితే దానంతట అదే దిగుతుంది.

కప్ప లూర్ సంగతి మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో చెరువుల్లో కొర్రమీనుకి బోలు రబ్బరు కప్ప వేసినవాళ్ళకి నాచు మీద బాస్‌కి వేయడం కొత్త విద్యేమీ కాదు. ఏడడుగుల మూడంగుళాల హెవీ రాడ్, 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్, లీడర్ వద్దు. నీళ్ళు ఎగసిన చప్పుడుకి ఉలిక్కిపడి లాగేస్తే కప్ప ఒక్కటే తిరిగొస్తుంది. చేప బరువు చేతికి తెలిసేదాకా ఆగి, అప్పుడు బలమంతా పెట్టి రాడ్‌ని పైకి గుంజాలి. నాచులోంచి తల పైకి తిప్పకపోతే చేప దక్కదు.

ఇవన్నీ తెలిశాక టోర్నమెంట్ చూడటంలో ఉన్న ఆనందమే వేరు. ముఖ్యంగా ప్రో ఒక రాడ్‌ని ఎప్పుడు కింద పెట్టేశాడో చూడండి. ఎండ వచ్చిందా, గాలి పడిపోయిందా, నీటి వేడి రెండు డిగ్రీలు పెరిగిందా? గాలి కొడుతున్న ఒడ్డుకి వెళ్ళాడా, గాలి తగలని మూలకి జరిగాడా? జెర్క్‌బెయిట్ (కుదుపుతూ, ఆపుతూ లాగే ఎర) అయితే రెండు కుదుపుల మధ్య ఎన్ని సెకన్లు ఆపుతున్నాడో లెక్కపెట్టండి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళలో పది సెకన్లు ఆపినవాడే నీళ్ళు వేడెక్కాక రెండు కూడా ఆపడు. ఆ లెక్క తెలియకుండా అదే జెర్క్‌బెయిట్ కొని జూన్ నెలలో వేస్తే ఏం లాభం? ఇంకోటి, లైవ్‌లో కనిపించే బాస్‌ట్రాక్ బరువులు అంచనాలే, తూకం దగ్గర వరసలు తారుమారవుతాయి. ఇంకో సంస్థ, మేజర్ లీగ్ ఫిషింగ్ వాళ్ళ బాస్ ప్రో టూర్ 2019లో మొదలైనప్పుడు ఐదు చేపల పరిమితే తీసేసి, అర్హమైన ప్రతి చేపనీ పడవలోనే తూచి అక్కడే వదిలే పద్ధతి పెట్టింది. అది చూసినప్పుడు లూర్ల ఎంపిక ఎలా మారిందో గమనించండి, పైన చెప్పిన లెక్క కళ్ళకి కడుతుంది. క్లాసిక్ మీ ఊరి దగ్గరికి వస్తే తూకానికి ప్రవేశం ఉచితం, పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఇక అందరూ కొట్టుకుంటున్న విషయం, ముందుకి చూసే సోనార్ (నీటి లోపల ఉన్నదాన్ని శబ్ద తరంగాలతో పట్టి తెర మీద చూపే పరికరం). 2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ వచ్చాక చేప కదలడం, లూర్ వెనక రావడం, మొహం తిప్పుకోవడం అన్నీ తెర మీద అప్పటికప్పుడు కనిపిస్తున్నాయి. దాన్ని వాడటం చేతకానివాళ్ళ పని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. తెర మీద చుక్క చూసి అది బాసా, కార్పా అని చెప్పడం, దాని తల మీదుగా సరైన లోతులో ఎర నడిపించడం నిజమైన నైపుణ్యం. అయినా పరిమితులు ఉండాల్సిందేనని నా గట్టి అభిప్రాయం. ఒడ్డునీ, గాలినీ, నాచునీ చదవడం ఈ ఆటకి ప్రాణం. నలుగురు పోటీదారులు రోజంతా నడిమధ్యలో తెర వైపు తల వంచుకుని ఉంటే చూసేవాడు నేర్చుకునేది ఏమీ మిగలదు. పైగా ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్ళలో ఉండే సోనార్ భాగం), తెర, లిథియం బ్యాటరీ కలిపి వేల డాలర్లు. హైస్కూల్ జట్టులో చేరాలనుకునే పిల్లవాడి తండ్రి మీద ఆ భారం పడకూడదు.

2025లో బాస్ ప్రో టూర్ రోజులోని మూడు పీరియడ్లలో ఒక్కదాంట్లోనే దాన్ని అనుమతించింది. బాస్‌మాస్టర్ వాళ్ళ పై స్థాయి సిరీస్ ఎలీట్ ఒక్క లైవ్ ట్రాన్స్‌డ్యూసర్‌కి, మొత్తం 55 అంగుళాల తెరలకి కుదించింది. మొదటిదే మంచి పద్ధతి. తెర ఉన్నప్పుడు ఏం చేశాడు, తీసేస్తే ఏం చేశాడు అన్న రెండూ ఒకే రోజు చూడొచ్చు. తెరల అంగుళాలు కొలవడం వల్ల ఆట మారదు. "సాంకేతికతని ఆపలేం" అనేవాళ్ళకి ఒకటే గుర్తుచేస్తాను. ఇందాకటి అలబామా రిగ్‌ని 2012 నుంచి ఎలీట్‌లో నిషేధించారు. ఆటేమీ ఆగిపోలేదు.

గట్టు మీద వేసేవాళ్ళకి ఆ సోనార్ అసలు అక్కర్లేదు. ఆ డబ్బుతో లైసెన్సు తీసుకుని (టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండితే తప్పనిసరి), మంచి కొలబద్ద, పొడుగు ముక్కు ప్లయర్, హుక్ కత్తిరించే కటర్ కొనుక్కోండి. లేక్ ఫోర్క్ వెళ్తే 16 నుంచి 24 అంగుళాల బాస్‌ని అట్టే పెట్టుకోకూడదు, 24 దాటినది రోజుకి ఒక్కటే. 18.18 పౌండ్ల రాష్ట్ర రికార్డు చేప 1992లో పడింది ఆ లేక్‌లోనే. వేసవిలో నీళ్ళు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక చేపని ఎంత త్వరగా వదిలితే అంత మంచిది. పెద్దదాన్ని కింది దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీస్తే ఆ దవడ దెబ్బతింటుంది, రెండో చెయ్యి పొట్ట కింద ఉండాలి, ఆ చెయ్యి తడిగా ఉండాలి. ఫొటో కోసం ఎండకి కాలిన సిమెంటు మీద పడుకోబెట్టొద్దు. ఫోన్ ముందే తెరిచి పక్కవాడి చేతికిచ్చి, అప్పుడు చేపని నీళ్ళలోంచి పైకి తీయండి.