"సువార్త చెబితే చాలు, జాతి వివక్ష మన పని కాదు" అనేవారికి జవాబు

అమెరికాలో నల్లజాతివారికి అన్యాయం జరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా క్రైస్తవ విశ్వాసుల మధ్య ఒక సందేశం తిరుగుతుంది. సారాంశం ఇది: "జాతి వివక్ష లోకసంబంధమైన గొడవ. సంఘం పని సువార్త చెప్పడం. హృదయాలు మారితే సమాజం అదే మారుతుంది. యేసు ఇలాంటి వాటి జోలికి పోలేదు. పౌలు అధికారులకు లోబడమన్నాడు, దాసులను విధేయులుగా ఉండమన్నాడు. ఈ సంగతులు ఎత్తితే సంఘం చీలిపోతుంది." ఇది పంపేవారి భక్తిని నేను శంకించను. కానీ ఇందులోని మాటలు బైబిలు ముందు నిలబడవు.

"హృదయాలు మారితే చాలు" అన్న మాటే తీసుకోండి. యేసు శిష్యుడు పేతురు హృదయం మారలేదా? యొప్పేలో దర్శనం చూశాడు, యూదుడు కాని కొర్నేలీ ఇంటికి వెళ్లాడు, దేవుడు పక్షపాతి కాడని తన నోటితోనే ఒప్పుకున్నాడు. అదే పేతురు అంతియొకయలో అన్యజనులైన, అంటే యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. అతన్ని చూసి మిగతా యూదులూ తప్పుకున్నారు, చివరికి పౌలు తోటి పనివాడు బర్నబా కూడా. పేతురు ఎవరినీ తిట్టినట్టు అక్కడ లేదు. ఊరికే లేచి వెళ్లిపోయాడు, అంతే. అయినా పౌలు అతన్ని చాటుకు పిలవలేదు, అందరి ముందే నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఆయన మోపిన నేరం ఏమిటో గమనించండి: వాళ్లు సువార్త సత్యం ప్రకారం నడుచుకోవడం లేదు. ఎవరితో కలిసి కూర్చుంటాం, ఎవరిని దూరం పెడతాం అన్నది పౌలు దృష్టిలో సువార్తకు బయటి విషయం కాదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కూడా అంతే. రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు "ప్రార్థన చేసుకోండి, మనసులు మెల్లగా మారతాయి" అనలేదు. ఏడుగురిని ఎన్నిక చేయించి బాధ్యత అప్పగించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఆ వెంటనే వచ్చే వచనం దేవుని వాక్యం ప్రబలిందనే చెబుతుంది. అన్యాయాన్ని సరిదిద్దడం వల్ల సువార్త ఆగిపోలేదు.

మరి హృదయాలు మారినంత మాత్రాన జరిగేదేమిటో చరిత్రలో చూద్దాం. అమెరికాలో సదరన్ బాప్టిస్టు సమాఖ్య 1845లో ఏర్పడింది. బానిసలున్నవారిని మిషనరీలుగా పంపవచ్చా అన్న తగాదా దాని పుట్టుకకు ఒక ముఖ్య కారణం. బానిసత్వం విషయంలో తమ పాత్రకు ఆ సమాఖ్య క్షమాపణ చెప్పింది 1995లో. మధ్యలోని 150 ఏళ్లలో అక్కడ సువార్త ప్రకటన ఆగలేదు, బాప్తిస్మాలు ఆగలేదు.

యేసు ఈ జోలికి పోలేదంటారు. లూకా 4వ అధ్యాయంలో నజరేతు సమాజమందిరంలో ఆయన మాటలకు మొదట అందరూ ఆశ్చర్యపోయారు. కరువులో ఏలీయా వెళ్లింది అన్యదేశమైన సీదోను ప్రాంతపు విధవరాలి దగ్గరికని, ఎలీషా రోజుల్లో శుద్ధుడైంది సిరియావాడైన నయమాను అని ఆయన చెప్పేసరికి ఆగ్రహంతో ఊగిపోయి కొండ మీది నుంచి తోసేయబోయారు. తమ జాతే గొప్పదన్న గర్వాన్ని ఆయన తాకకుండా వదిలేసి ఉంటే ఆ రోజు ప్రశాంతంగానే ముగిసేది.

అధికారులకు లోబడమని రోమీయులకు 13వ అధ్యాయంలో రాసిన పౌలే ఫిలిప్పీలో విచారణ లేకుండా దెబ్బలు తిన్నాడు. అధికారులు గుట్టుగా విడిచిపెట్టాలని చూస్తే ఒప్పుకోలేదు, వాళ్లే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకెళ్లాలన్నాడు. పైగా శాంతియుతంగా గుమికూడి, ప్రభుత్వానికి మొర పెట్టుకునే హక్కు అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. ఆ హక్కును వాడుకోవడం తిరుగుబాటు కాదు.

దాసుల గురించిన వచనాలు చూపించేవారు వాటి పక్కనే ఉన్నవి ఎందుకు చదవరు? బెదిరించడం మానమని, దేవునికి పక్షపాతం లేదని యజమానులకూ చెప్పింది ఎఫెసీయులకు రాసిన అదే పత్రిక. మనుషులను ఎత్తుకెళ్లి అమ్మేవారిని తిమోతికి రాసిన మొదటి పత్రిక హంతకుల వరుసలో పెట్టింది. ఆఫ్రికా నుంచి ఓడల్లో సాగిన వ్యాపారం సరిగ్గా అదే. బానిసల కోసం 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదల పొందిన కథ లేదు, దాసుడని స్వతంత్రుడని లేదన్న గలతీ వచనమూ లేదు. విధేయత గురించిన భాగాలు మాత్రం ఉంచారు. పూర్తి బైబిలు బానిసత్వానికి మద్దతిస్తుందని దాన్ని అచ్చువేసినవాళ్లు నిజంగా నమ్మి ఉంటే కత్తెర ఎందుకు వేసినట్టు?

ఇక చీలికల మాట. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు ద్వేషం, హింస పెరుగుతాయంటూ నిరసనలకు దూరంగా ఉండమని నల్లజాతి ప్రజలను కోరారు. ఆ నిరసనల్లో అరెస్టై జైల్లో ఉన్న నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ వారికి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. అదే సెప్టెంబరులో ఒక ఆదివారం అదే నగరంలో 16వ వీధి బాప్టిస్టు చర్చిలో జాత్యహంకారులు పెట్టిన బాంబుకు నలుగురు ఆడపిల్లలు చనిపోయారు.

అంతకు చాలా ముందు, 18వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో అబ్సలోమ్ జోన్స్ మోకాళ్ల మీద ప్రార్థిస్తున్నాడు. ఆ చోటు నల్లవారికి కాదంటూ చర్చి పెద్దలు అతన్ని పట్టి లేపారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నా వినలేదు. అతని మిత్రుడు రిచర్డ్ అలెన్‌తో పాటు నల్లజాతి విశ్వాసులంతా లేచి బయటికి నడిచారు. అలెన్ నాయకత్వంలో 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది. అక్కడ సంఘం చీలింది నిజమే. చీల్చింది మోకరించినవారు కాదు, వారిని పట్టి లేపినవారు, అది చూస్తూ ఏమీ అనకుండా తమ ప్రార్థన తాము చేసుకున్నవారు.