గంధకం చల్లి చెత్తబుట్టలో వేయమని చెప్పకండి

"థర్మామీటర్ పగిలిందా? టెన్షన్ వద్దు. కాస్త గంధకం చల్లండి, పాదరసం రాయిలా మారి విషం పోతుంది. ఊడ్చి చెత్తబుట్టలో వేయండి, లేదా సింకులో కడిగేయండి." ఈ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవాళ్ల ఇంట్లో పాకే పాప ఉంది.

రసాయన శాస్త్రం వరకు అది నిజమే, ఒప్పుకోవాలి. గంధకంతో పూర్తిగా కలిసిన పాదరసం మెర్క్యురిక్ సల్ఫైడ్ అవుతుంది. గనుల్లో దొరికే ఇంగిలీకం అదే. నీటిలో దాదాపు కరగదు. వ్యర్థ పాదరసాన్ని శాశ్వతంగా పాతిపెట్టే ముందు ఇలా మార్చి తీరాలని ఐరోపా సమాఖ్య 2017 చట్టం కూడా చెబుతోంది.

కానీ అక్కడ ఎవరూ గంధకం చల్లి ఊరుకోరు. మూసిన యంత్రంలో రెండింటినీ పూర్తిగా కలిపి, ఆవిరి బయటికి పోకుండా చూసి, తర్వాత ఉప్పు గనుల్లాంటి లోతైన చోట దాస్తారు. లెక్క ప్రకారం గ్రాము పాదరసానికి 0.16 గ్రాముల గంధకం సరిపోతుంది. కొరత గంధకానిది కాదు, రెండూ కలవడానిది. బొట్టు మీద చల్లితే పైపైన పొర కడుతుంది, లోపలిది పాదరసంగానే ఉంటుంది.

అసలు ఘోరం "చెత్తబుట్టలో వేయండి" అన్నది. మన డంపింగ్ యార్డులు తగలబడుతూనే ఉంటాయి కదా. ఇంగిలీకాన్ని గాలిలో కాలిస్తే గంధకం విడిపోయి పాదరసం ఆవిరై పైకి లేస్తుంది. స్పెయిన్‌లోని అల్మదేన్‌లో శతాబ్దాల తరబడి ముడిఖనిజం నుంచి పాదరసం తీసింది అలాగే. అంటే పూర్తిగా మారినా సరే, మంటలో పడితే మళ్లీ విషమే. పీల్చేదెవరు? అక్కడ చెత్త ఏరుకునేవాళ్లు. మీ ఇల్లు శుభ్రమైతే చాలా? కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ వ్యర్థాలు 2001లో పాత సామాన్ల దుకాణంలో బయటపడ్డాయి. 2003లో టన్నులకొద్దీ అమెరికాకు పంపాల్సి వచ్చింది. ఊరికే పంపారా?

సింకులో వద్దు. కడిగిన పాదరసం కాలువల గుండా చెరువు చేరితే, అక్కడి బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తాయి, అది చేపల్లో పేరుకుంటుంది. వాక్యూమ్ క్లీనర్ వాడితే ఆవిరి ఇల్లంతా చిమ్ముతుంది. పాలు తాగితే విరుగుడన్నది వట్టిమాట.

పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరవండి. బొట్లను అట్టముక్కతో దగ్గరికి చేర్చి, డ్రాపర్‌తో గాజుసీసాలోకి తీసి మూత బిగించి, "పాదరసం" అని రాయండి. పగిలిన పాదరసం థర్మామీటర్లు ఇంటి ప్రమాదకర వ్యర్థాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మున్సిపాలిటీకి విడిగా ఇవ్వండి. బండివాళ్లు తీసుకోకపోతే పైవాళ్లను అడగండి, అంతేగానీ మామూలు చెత్తలో కలపకండి.