ఓర్వకల్లు నుంచి గన్నవరం నిజంగా ఎంత దూరం?

గీత గీసి కొలిస్తే కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి దాదాపు 300 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే చిన్న ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది కాబట్టి కాగితం మీద 36 నిమిషాలే. పైకి లేవడం, కిందికి దిగడం కలుపుకుంటే గంట. 2025 జులైలో ఈ రెండింటి మధ్య విమాన సర్వీసు మొదలైనప్పుడు అందరి నోటా ఆ గంట మాటే. ఆ లెక్క మీదే నాకు పేచీ.

కర్నూలు నుంచి ఓర్వకల్లుకు అరగంట. గంట ముందే అక్కడుండాలి. గంట ప్రయాణం. దిగి, బ్యాగు తీసుకుని, టాక్సీ పట్టుకుని అమరావతిలో సచివాలయం ఉన్న వెలగపూడి చేరేసరికి ఇంకో గంటన్నర. మొత్తం నాలుగు గంటలు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోయే బస్సుకు దీనికి రెట్టింపు పడుతుంది, కాదనను. కానీ బస్సు రోజూ ఉంది. రాత్రి ఎక్కి నిద్రపోతే తెల్లారేసరికి బెజవాడ. పని చూసుకుని మళ్లీ రాత్రికి ఎక్కొచ్చు. ఈ విమానం మొదలైందే వారానికి మూడు రోజులతో. వెళ్లినవాడు అదే విమానంలో తిరిగి రావాలంటే రెండు రోజులు లాడ్జిలో పడుకోవాలి, లేదా బస్సెక్కాలి. పోవడం విమానంలో, రావడం బస్సులో! (టికెట్ ఫొటో మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది.) అంటే దూరాన్ని కొలవాల్సింది నిమిషాల్లో కాదు, రోజుల్లో. పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరగలిగితేనే అది దగ్గర.

రోజూ నడపడానికి జనం ఎక్కడున్నారని విమాన సంస్థలు అడుగుతాయి. 78 సీట్లు నిండాలి కదా, న్యాయమైన ప్రశ్నే. కానీ తిరిగి రావడానికి వీల్లేని విమానం ఎవరు ఎక్కుతారు? సర్వీసు లేక జనం రారు, జనం రాలేదని సర్వీసు పెంచరు.

అసలు ఇంత దూరం పోవాల్సిన ఖర్మ మనకెందుకు? 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి మన కర్నూలే రాజధాని. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే మొదటి హక్కు సీమది. ఈ రోజు ఆ రెండూ కృష్ణా ఒడ్డునే ఉన్నాయి. కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. నన్నడిగితే కొత్త విమానం కన్నా ఆ తీర్మానం అమలు కావడమే ముఖ్యం.

ఆదోని రైతు సంగతే చూడండి. భూమి కేసుకు హైకోర్టుకు పోవాలంటే ముందు 100 కిలోమీటర్లు బస్సులో కర్నూలు రావాలి, ఆ తర్వాతే ఓర్వకల్లు. అతని ప్రయాణంలో మనం గొప్పగా చెప్పుకునే ఆ గంట ఏ మూలకు? బెంచి కర్నూలుకు వస్తే పొద్దున బస్సెక్కి, వాయిదా చూసుకుని, రాత్రి అన్నానికి ఇల్లు చేరతాడు.